పైన మెరుపు, లోన మట్టి

ఇప్పటి ట్రాక్టర్లను చూస్తే ముందు ముచ్చటేస్తుంది, ఆ తర్వాత బాధేస్తుంది. బానెట్ మీద దేవుడి బొమ్మ, మడ్‌గార్డుల మీద హీరోల స్టిక్కర్లు, రెండువైపులా పాటల పెట్టెలు, రంగురంగుల లైట్లు. అదే బండికి బానెట్ ఎత్తి ఎయిర్ క్లీనర్ మూత విప్పితే దోసెడు మట్టి రాలుతుంది. పైకి కనపడేదానికి వేలకు వేలు పోస్తున్నారు. ఇంజను లోపలికి పోయే గాలి సంగతి పట్టించుకునేవాడు ఊరికి ఒక్కడు దొరకడం కష్టంగా ఉంది. జీవితమంతా ట్రాక్టరు వెంట తిరిగినవాణ్ణి కనుక గట్టిగా చెబుతున్నాను: ఇంజను పనివల్ల అరగదు, మట్టివల్ల అరుగుతుంది.

మా ఇంటికి మొదట వచ్చిన బండి హెచ్‌ఎంటీ జీటర్ 2511. రెండు సిలిండర్లు, పాతిక హార్స్‌పవరు. చెకోస్లోవేకియా వాళ్ళ సాంకేతికతతో హర్యానాలోని పింజోర్‌లో 1971లో మన ప్రభుత్వ కంపెనీ ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఆ ఫ్యాక్టరీని మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీ పోయినా, అందులో తయారైన బండ్లు కొన్ని ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎవరి చేతిలో ఉన్నవి తిరుగుతున్నాయో విచారించండి. రోజూ ఇంజను మీద చెయ్యి వేసినవాళ్ళవే తిరుగుతున్నాయి.

ఆ రోజుల్లో ఊరికి ఒకటో రెండో ట్రాక్టర్లు. బ్యాంకు అప్పు పుట్టడమే గగనం. సామాను కావాలంటే బస్సెక్కి బెజవాడ ఆటోనగర్ పోవాలి. అక్కడ దొరక్కపోతే మద్రాసు నుంచి రావాలి. దమ్ములు ముమ్మరంగా సాగుతున్న వారంలో బండి మొరాయిస్తే నారు ముదిరిపోతుంది, కూలీలు వేరే ఊరికి వెళ్ళిపోతారు, కాలవ వంతు అయిపోతుంది. అందుకని జాగ్రత్త మాకు అలవాటైంది. అవసరమే నేర్పిందనుకోండి, తప్పేమీ లేదు. ఇప్పుడు మండలానికి నాలుగు షోరూములు, ఫోను చేస్తే మెకానిక్కు బైకు మీద వస్తాడు. సౌకర్యం పెరిగింది, మంచిదే. దాంతోపాటు యజమాని చెయ్యి ఇంజనుకు దూరమైపోయింది.

తెల్లవారుజామున బండి స్టార్ట్ చెయ్యకముందే మాకు అరగంట పని ఉండేది. సమతలం మీద నిలిపిన బండి కింద నేల మీద రాత్రి ఏదైనా చుక్క పడిందా అని మా నాన్న ముందు వంగి చూసేవాడు. పడితే అది ఆయిలా, డీజిలా, నీళ్ళా అని వేలితో ముట్టి వాసన చూసేవాడు. తర్వాత డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి తీసి, ఆయిల్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూడాలి. రేడియేటర్ మూత తీసి నీళ్ళు చూడాలి. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే అరంగుళం దాకా దిగాలి. అంతకంటే వదులైతే జారుతుంది, బిగువైతే బేరింగులు తింటుంది. ఇవన్నీ పూర్తయ్యాక ఎయిర్ క్లీనర్. మా నాన్న దాన్ని ఎప్పుడూ డ్రైవరుకు వదిలిపెట్టలేదు.

పాత బండ్లకు ఉన్నది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు. దాని పనితనం గురించి కొంచెం చెప్పాలి, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. గాలి నడిమి గొట్టం గుండా కిందికి దిగి, గిన్నెలోని ఆయిల్‌ను తాకి, ఒక్కసారిగా పైకి మళ్ళుతుంది. గాలి మళ్ళగలదు కానీ బరువైన దుమ్ము మళ్ళలేదు, ఆయిల్‌లో చిక్కుకుంటుంది. మిగిలిన సన్నదుమ్మును పైనున్న తీగల జాలీ పట్టుకుంటుంది. సాయంత్రానికి గిన్నె విప్పితే అడుగున బురద పేరుకుని ఉండేది. ఆ బురద అంతా ఇంజన్లోకి పోవాల్సిందే కదా, ఇక్కడ ఆగింది అని మాకు కళ్ళతో కనపడేది. ఆయిల్ పారబోసి, గిన్నెనూ జాలీనీ కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, గీత దాకా కొత్త ఆయిల్ పోసి బిగించేవాళ్ళం. గీతకు తక్కువైతే దుమ్ము ఆగదు, ఎక్కువైతే ఆయిల్‌నే ఇంజను లోపలికి లాగేసుకుంటుంది. గీత అంటే గీతే.

కళ్ళాల రోజుల్లో ఈ పని మరీ ముఖ్యం. ఎడ్లతో నూర్పిడి పోయి, వరి పనలు పరిచి ట్రాక్టరుతో తొక్కించే కాలం అది. బండి గుండ్రంగా తిరుగుతుంటే పొల్లూ, దుమ్మూ, గడ్డి తునకలూ లేచి డ్రైవరు ముఖం కనపడేది కాదు. అలాంటప్పుడు పొద్దున ఒకసారి గిన్నె చూస్తే చాలదు. మధ్యాహ్నం అన్నానికి బండి ఆపినప్పుడు మళ్ళీ విప్పేవాళ్ళం. ఎయిర్ కూల్డ్ ఐషర్ బండి ఉన్నవాళ్ళకైతే ఇంకో పని ఉండేది. దానికి రేడియేటరే లేదు, సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్యనుంచి వీచే గాలే దాన్ని చల్లబరచాలి. ఆ సందుల్లో గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఉడికిపోతుంది. చీపురుపుల్లతో ఒక్కొక్క సందూ గీకి శుభ్రం చేసేవాళ్ళు.

ఇప్పుడు వచ్చేవాటికి చాలావరకు కాగితపు ఫిల్టరు, డ్రై టైపు అంటారు. పాతదానికంటే ఇది సన్నదుమ్మును బాగా ఆపుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. ఒకదానిలో ఒకటి రెండు ఫిల్టర్లుంటాయి. బయటిది పనిచేసేది, లోపలి చిన్నది కాపలాకు ఉన్నది. బయటిది ఎక్కడైనా చిరిగితే ఆ దుమ్ము ఇంజన్లోకి పోకుండా లోపలిది అడ్డుపడుతుంది. ఇంత తెలివిగా చేసి ఇచ్చినదాన్ని మనవాళ్ళు ఏం చేస్తున్నారు? పంక్చరు షాపు దగ్గరకు తీసుకెళ్ళి, టైర్లకు గాలి కొట్టే గొట్టాన్ని ఫిల్టరు మడతల మీద ఆనించి, బయటినుంచి లోపలికి పూర్తి ఒత్తిడితో కొట్టిస్తున్నారు. పైన ఉన్న దుమ్మును కాగితంలోకి దట్టించినట్టయింది. ఎక్కడో కాగితం చిరుగుతుంది కూడా.

మా వీధిలో ఒక కుర్రాణ్ణి అడిగితే "గాలి కొట్టించాను బాబాయ్, కొత్తదానిలా అయిపోయింది" అన్నాడు. చీకటి గదిలోకి తీసుకెళ్ళి ఆ ఫిల్టరు లోపల చిన్న బల్బు పెట్టి వెలిగించి చూపించాను. మడతల మధ్య రెండుచోట్ల సూదిమొనంత వెలుతురు బయటికి వచ్చింది. వెలుతురు వచ్చే దారిలో దుమ్ము రాదా? "లోపలి ఫిల్టరు ఏదిరా?" అంటే, "అది ఉంటే పికప్ తగ్గుతోందని తీసేశాను" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. పొలం దుమ్ములో ఉండే ఇసక రేణువు చాలా గట్టిది. లైనరుకూ పిస్టన్ రింగుకూ మధ్య పడిందంటే, నిమిషానికి రెండువేల సార్లు తిరిగే ఇంజన్లో అది ఆకురాయి చేసే పనే చేస్తుంది. కొన్నాళ్ళకు ఆయిల్ తాగడం, నీలంపొగ, బ్రీదరులోంచి బుసలు, లాగుడు తగ్గడం. అప్పుడు "కంపెనీ ఇంజను మంచిది కాదు" అంటారు.

కాగితపు ఫిల్టరును ఎలా చూసుకోవాలో ప్రతి బండితో ఇచ్చే పుస్తకంలో రాసే ఉంటుంది. అరచేతితో మెల్లగా తట్టాలి. గాలి కొట్టాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో, లోపలినుంచి బయటికి కొట్టాలి. లోపలి ఫిల్టరును శుభ్రం చెయ్యకూడదు, గడువుకు మార్చెయ్యాలి, మధ్యలో ఊరికే విప్పకూడదు. డబ్బా అడుగున రబ్బరు వాల్వు ఉంటుంది, దాన్ని రోజూ నొక్కితే పేరుకున్న దుమ్ము రాలిపోతుంది. ఆ వాల్వు ఊడిపోయిన బండ్లు ఎన్ని చూశానో! రొటావేటరు వెనక లేచే దుమ్ములో, గడ్డి కట్టలు కట్టే బేలరు దుమ్ములో ఆ బండ్లే రోజంతా తిరుగుతున్నాయి.

ఇక కడగడం. పండక్కో, ఫంక్షనుకో బండిని వాటర్ సర్వీసుకు తోలడం ఇప్పటి ఫ్యాషను. పొలం నుంచి వేడివేడిగా వచ్చిన ఇంజను మీద తుపాకిలాంటి గొట్టంతో చన్నీళ్ళు కొడతారు. కాగుతున్న ఇనుము మీద ఒక్కసారిగా చన్నీళ్ళు పడితే పోత పగులు విడవొచ్చని చదువుకోనివాడికి కూడా తెలుసు ఆ రోజుల్లో. ఆ ఒత్తిడికి రేడియేటరు రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. డైనమోలోకీ, సెల్ఫ్ మోటారులోకీ, వైర్ల కనెక్షన్లలోకీ నీళ్ళు దూరతాయి. కీళ్ళలో ఉన్న గ్రీజు కొట్టుకుపోతుంది. కడిగించి తెచ్చాక మళ్ళీ గ్రీజు గన్ను పట్టుకున్నవాణ్ణి ఈమధ్య నేను చూడలేదు.

మేమూ కడిగేవాళ్ళం, ఇప్పటివాళ్ళకంటే ఎక్కువసార్లే కడిగేవాళ్ళం. ఇంజను పూర్తిగా చల్లారాలి. ఎయిర్ క్లీనర్ మూతికీ, సైలెన్సర్ మూతికీ గుడ్డ కట్టాలి. ఎండిన బురదను చెక్కపుల్లతో గీకాలి, జిడ్డు ఉన్నచోట డీజిల్ తడిపిన బ్రష్షుతో రుద్దాలి, పాత నూలు చీర గుడ్డతో తుడవాలి, ఆఖరున చెంబుతో నీళ్ళు పోయాలి. ఇది అందం కోసం చేసింది కాదు. ఇంజను ఒంటిమీద బురదా జిడ్డూ పొరకడితే వేడి బయటికి పోదు. అంతకంటే ముఖ్యం, ఆ పొర కింద ఏ కారుడూ కనపడదు. శుభ్రంగా తుడిచిన ఇంజను మీద మర్నాడు ఆయిల్ చెమ్మ కనపడితే ఏ ప్యాకింగ్ పోయిందో, ఏ బోల్టు వదులైందో వెంటనే తెలిసిపోయేది. పది రూపాయల వాషరుతో పోయే పని పదివేలకు పోయేది కాదు.

రేడియేటరు కూడా అంతే. ముందు జాలీలో చిక్కిన పొల్లును ఇంజను వైపునుంచి బయటికి ఊదాలి కానీ ముందునుంచి లోపలికి కొట్టకూడదు. లోపల పోసే నీళ్ళ విషయంలో మా నాన్న వడగట్టిన వాననీళ్ళు దొరికితే బోరు నీళ్ళు ముట్టుకోనిచ్చేవాడు కాదు. బోరు నీళ్ళతో గొట్టాల్లో గార కడుతుంది. ఇప్పుడు కూలెంట్ వచ్చింది, తుప్పు పట్టనివ్వదు, గార కట్టనివ్వదు, మాకు లేని భాగ్యం అది. కానీ షోరూమునుంచి పచ్చగా వచ్చిన కూలెంట్ తగ్గినప్పుడల్లా పక్కనున్న బోరు కింద డబ్బా పట్టి నింపుతుంటే, రెండేళ్ళలో అది ఉత్త బోరు నీళ్ళే అవుతుంది.

డీజిల్ సంగతి చెప్పకుండా ఉండలేను. మా ఊరికి డీజిల్ డ్రమ్ముల్లో వచ్చేది. వచ్చిన డ్రమ్మును కదపకుండా ఉంచేవాళ్ళం, మడ్డీ నీళ్ళూ అడుగుకు దిగాలి కదా. అడుగున కొంత వదిలేసి పైది మాత్రం తీసి, గరాటులో సన్నగుడ్డ వేసి వడగట్టి పోసేవాళ్ళం. పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపెయ్యాలి. ట్యాంకులో ఖాళీ ఉంటే, రాత్రి చలికి లోపలి గాలిలోని చెమ్మ నీటిబొట్లై డీజిల్లో పడుతుంది. ఫిల్టరు కింద గాజు గిన్నె ఉండేది, నీళ్ళు దిగితే కంటికి కనపడేవి, మర తిప్పి వదిలేసేవాళ్ళం. ఇప్పటి ఫిల్టర్ల కిందా నీళ్ళు వదిలే మర ఉంది. దాన్ని జన్మలో ఒక్కసారి కూడా తిప్పని బండ్లు మా చుట్టుపక్కల ఎన్నో. పంపులో ప్లంజరు, నాజిల్‌లో సూది ఎంత సన్నని పనితనంతో అమర్చినవంటే వాటికి డీజిలే కందెన. నీళ్ళు చేరితే తుప్పు పడతాయి, బిగుసుకుపోతాయి.

ట్యాంకు ఖాళీ అయి గాలి పడితే ఇప్పటివాళ్ళు రోడ్డు పక్కన బండి వదిలేసి మెకానిక్కు కోసం కూర్చుంటున్నారు. మా రోజుల్లో పన్నెండేళ్ళ కుర్రాడు ఎయిర్ తీసేవాడు. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి చిక్కగా డీజిల్ వచ్చేదాకా చూసి బిగించడం, తర్వాత పంపు దగ్గర అదే పని. రెండు పానాలూ కాస్త ఓపికా చాలు.

ఆయిల్ మార్చడానికి మా నాన్న జమాఖర్చుల పుస్తకంలో వెనకపేజీ కేటాయించాడు. మీటరు ఎన్ని గంటలప్పుడు మార్చిందీ, ఫిల్టరు వేసిందీ లేనిదీ రాసి పెట్టేవాడు. కొత్త బండికి మొదటి ఆయిల్ 50 గంటలకే మార్చాలి, కొత్త భాగాలు రాసుకుని రాలిన ఇనుపపొడి అందులో చేరుతుంది. ఆ తర్వాత మా బండికి 250 గంటలకొకసారి. ఇప్పటి ఆయిల్స్‌తో కొన్ని బండ్లకు గడువు ఇంకా ఎక్కువ ఉంటుంది, పుస్తకంలో ఉన్నది పాటిస్తే చాలు. ఎప్పుడు మార్చినా ఇంజను వేడిగా ఉన్నప్పుడే దింపాలి, మడ్డి కలిసి వచ్చేస్తుంది. దిగిన ఆయిల్‌ను రెండు వేళ్ళమధ్య రుద్ది చూడాలి. మెరుపు తునకలుంటే బేరింగు అరుగుతోంది, డీజిల్ వాసనతో పల్చబడితే పంపో నాజిలో కారుతోంది, పాలలా తెల్లబడితే నీళ్ళు కలిసినట్టు. అలా దించిన ఆయిల్‌ను దాచి, పనుల కాలం అయ్యాక గొర్రు పళ్ళకూ నాగలి కర్రులకూ పూసేవాళ్ళం, తుప్పు పట్టేవి కావు. ఇప్పుడు షెడ్ల పక్కన పంటకాలవలో పారబోస్తున్నారు. ఆ నీళ్ళే కింద ఊళ్ళో గొడ్లు తాగుతాయి. దీన్ని చూసి కూడా ఎవరూ మాట్లాడకపోవడం నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తోంది.

డ్రైవర్ల తప్పు అంటారు యజమానులు. గంటకింత అని అద్దెకు తిరిగే బండి, ఏడాదికి ముగ్గురు డ్రైవర్లు మారే బండి, ఆ పిల్లాడికి దానిమీద మమకారం ఎక్కణ్ణుంచి వస్తుంది? మా రోజుల్లో డ్రైవరు మా ఇంట్లోనే అన్నం తినేవాడు, మా అమ్మను వదినా అని పిలిచేవాడు. దూరంగా పొలంలో బండి తిరుగుతుంటే మంచం మీద పడుకునే మా నాన్న పొగనూ శబ్దాన్నీ బట్టి బండి సంగతి చెప్పేవాడు. నల్లపొగ వస్తే గాలి చాలడంలేదు, లేదంటే నాజిల్ పాడైంది, లేదంటే మోయలేని బరువు పెట్టారు. నీలంపొగ వస్తే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్ళు పడుతున్నాయేమో చూడాలి. ఇప్పుడు ఆ శబ్దం వినాలంటే ముందు పాటలు ఆపాలి.

కొత్త బండ్లన్నీ చెడ్డవని నేను అనను. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవరు దాటిన ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిలో కామన్ రైలు, సెన్సర్లు, కంప్యూటరు పెట్టె. ఆ రైల్లో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడిలో ఉంటుంది, వదులుచేస్తే చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ మనం పానా పెట్టకూడదు, దానికి చదువుకున్నవాడే రావాలి. అయితే గాలీ, ఆయిలూ, నీళ్ళూ, డీజిల్లో చెమ్మా, బెల్టూ, బ్యాటరీ అప్పుడూ మన చేతి పనే, ఇప్పుడూ మన చేతి పనే. కంప్యూటరు వచ్చిందని ఎయిర్ క్లీనరు తనంతట తాను శుభ్రపడదు. అంత సున్నితమైన నాజిళ్ళున్న బండికి శుభ్రత మరింత కావాలి.

నేర్చుకోవడానికి దారి లేదనడానికి వీల్లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుంచి ఉంది. రైతులకూ, డ్రైవర్లకూ, మెకానిక్కులకూ ట్రాక్టరు నడపడం, చూసుకోవడం, బాగుచెయ్యడం నేర్పుతారు. లక్షలు పోసి బండి కొనేవాళ్ళు కొన్ని రోజులు అక్కడ కూర్చుని నేర్చుకోలేరా? కొడుకును పంపండి, డ్రైవరును పంపండి, వీలైతే మీరే వెళ్ళండి.

అంతదాకా ఎందుకు, ఈ ఏరువాకకు ముందు ఒక పని చెయ్యండి. ఇంజను ఆపి చల్లారాక, ఎయిర్ క్లీనరునుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టం క్లిప్పు విప్పి, గొట్టం లోపల వేలుపెట్టి తిప్పి చూడండి. ఫిల్టరు దాటిన తర్వాత ఉన్న గొట్టం అది, అక్కడ వేలికి ఏమీ అంటకూడదు. మట్టి అంటిందంటే ఫిల్టరో, రబ్బరు రింగో, క్లిప్పో ఎక్కడో దారి ఇచ్చింది. అది సరిచేసేదాకా ఆ బండిని పొలంలోకి దించకండి.